సేవా సంవత్సరము ముగిసిన మరునాడు

(యువజన సేవకుల వార్షిక సమావేశమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసపాఠము)

 

యువజనులను దేశసేవకు పురికొల్పు ఉపన్యాసములు మీరు వలసినన్ని వినియున్నారు. నేనును అట్టివి కొన్ని చేసినవాడనే. కాని సేవకు పిలుచునపుడు మ్రోగు భేరి సేవ ముగిసిననాడు మ్రోగదు. ఆనాడు దండలు వేసి, ఛాయాచిత్రము తీయించి, ఇంటికి సాగనంపుదుము. మరునాటి ఉదయమున ఆ యువకుడు నిద్రలేచి ఏమి చేయును? ఈ ప్రశ్న మనమడుగుట లేదు. నేడు నేను మాటలాడదలచినది ఆ మరునాటిని గూర్చియే.

ఇందుకు నేను గైకొను దృష్టాంతము పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా దేశము. దూరదేశపు కథ మనకేల యని మీరనుకొనవచ్చును. చదువు ముగించిన ప్రతి పట్టభద్రుడును ఒక సంవత్సరము దేశసేవ చేసి తీరవలెనని శాసించి, ఆ శాసనమును అర్ధశతాబ్దికి పైగా ఎడతెగక నడపుచున్న దేశమది. ఇట్టి ఆలోచన మనదేశమునను పెద్దలు చేసిరి. 1959 లో చింతామణి దేశముఖ్ గారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము, ఉన్నత పాఠశాల ముగించినవారు కళాశాలలో చేరుటకు ముందు తొమ్మిది నెలలనుండి సంవత్సరము వరకు నిర్బంధసేవ చేయవలెనని సిఫారసు చేసినది. అది అమలునకు రాలేదు. తుదకు 1969 సెప్టెంబరు 24 న జాతీయ సేవాపథకము స్వచ్ఛంద పద్ధతిని మొదలైనది. మనము త్రొక్కక విడిచిన బాటను మరియొక జాతి నడచి చూచినది. ముందు నడచినవాని కాలికి ముల్లెక్కడ గ్రుచ్చుకొన్నదో వెనుకవాడు తెలిసికొనుట మేలు.

నాకీ సంగతి పుస్తకములవలన మాత్రమే తెలిసినది కాదు. రెండేండ్ల క్రిందట హైదరాబాదులో ఒక నైజీరియా యువకుడు అద్దెయింటి తగవు విషయమై నాయొద్దకు వచ్చెను. మన నగరపు విశ్వవిద్యాలయములలో ఆ దేశపు విద్యార్థులు పలువురు చదువుకొనుట మీరెరిగినదే. తగవు ఒక్క నోటీసుతో తీరినది, స్నేహము మిగిలినది. ఒకనాడతడు తన కాగితముల సంచినుండి ఒక పత్రము తీసి నా బల్లపై నుంచెను. అది జాతీయ యువజన సేవాదళమువారు సంవత్సరాంతమున ఇచ్చు విడుదలపత్రము. “దీనికొరకు నేనొక సంవత్సరమిచ్చితిని. ఇది నాకు ఇచ్చినదేమో, మీరు న్యాయవాదులు గదా, చదివి చెప్పగలరా?” అని నవ్వుచు అడిగెను. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అందుచేతనే నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. నేటి నా మాటలు ఆ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాసికొన్న జవాబు.

ముందుగా ఆ దళము పుట్టుక చెప్పెదను. 1967 జూలైలో మొదలైన అంతర్యుద్ధము 1970 జనవరిలో ముగిసెను. తూర్పుభాగమున ఇగ్బోజాతివారు ప్రధానముగా నుండు ప్రాంతము బయాఫ్రా యను వేరు రాజ్యముగా ప్రకటించుకొనగా పుట్టిన యుద్ధమది. లక్షలాది జనులు మరణించిరి. అందు ఆకలిచే మరణించినవారే మెండు. యుద్ధానంతరము ప్రభుత్వాధిపతి యాకుబు గోవన్, ఇందు గెలిచినవారును లేరు, ఓడినవారును లేరని ప్రకటించెను. ప్రకటనతో పగలు చల్లారవు. ఉత్తరమున హౌసాలు, పడమట యొరుబాలు, తూర్పున ఇగ్బోలు ఒకరి ముఖమొకరు చూడక పెరిగినచో మరల యుద్ధము రాక తప్పదని తలచి, 1973 మే 22 న 24 వ డిక్రీచే జాతీయ యువజన సేవాదళమును స్థాపించిరి. 1993 లో వేరొక డిక్రీ దాని స్థానమును పొందినను పద్ధతి మారలేదు. పట్టము పొందునాటికి ముప్పదియేండ్లు దాటనివాడు తన సొంత రాష్ట్రమున గాక పరరాష్ట్రమున సేవచేయవలెను. మొదట మూడు వారములు శిబిరమున కవాతు. పిదప పాఠశాలలోనో, వైద్యశాలలోనో, కచ్చేరిలోనో పని. వారమున కొకదినము గ్రామాభ్యుదయ కార్యము. చివర వీడ్కోలు కవాతు. ఖాకీ దుస్తులు, తెల్ల బనియను, మోటుబూట్లు, టోపీ: ఇది వారి వేషము.

ఆ దేశపు జనులు ఈ సేవకులను చూచి “అజువాయా!” అని కేకవేయుదురట. ఆ మాటకు మూలము సైనికుల కవాతులో ఆంగ్లమున ఇచ్చు ఒక ఆజ్ఞ. “మునుపున్నట్లే నిలువుడు” అని దాని యర్థము. ఆ ఆజ్ఞ జనుల నోళ్లలో నలిగి ముద్దుపేరైనది. పరిహాసమునకు పెట్టిన ఈ పేరే ఆ యువకుల తలవ్రాత యగునని పెట్టినవారనుకొని యుండరు.

నా మిత్రుడు ఇగ్బో, గణితశాస్త్ర పట్టభద్రుడు, ఎనుగు నగరమువాడు. 2018 లో అతనికి ఉత్తరమున కట్సీనా రాష్ట్రములోని ఒక పల్లె పాఠశాల నిర్ణయమైనది. అతని తల్లి మూడుదినములు అన్నము ముట్టలేదట. ఆమెకు బయాఫ్రా కాలపు కథలు తెలియును. అంతకంటె దగ్గరగా 2011 ఏప్రిల్ ఎన్నికల యనంతరము బౌచీ రాష్ట్రమున అల్లరిమూకలు సేవాదళ యువజనులను పదిమందిని పొట్టనబెట్టుకొన్న వార్త తెలియును. అయినను కుమారుడు వెళ్లెను. వెళ్లక తప్పదు, ఆజ్ఞను తప్పినవానికి జరిమానాయు, చెరసాలయు శాసనములోనే వ్రాసియున్నవి.

ఆ పల్లెలో అతడు మొదట నేర్చిన హౌసామాట “సన్ను”, అనగా మన “దండము” వంటి పలకరింపు. ఆ యొక్కమాటతో నెలదినములు గడపితిననెను. మన జొన్నసంకటిని బోలిన “తువో” తినుట నేర్చెను. అరువదిమంది పిల్లలు క్రిక్కిరిసిన గదిలో లెక్కలు చెప్పెను. ప్రభుత్వమిచ్చు భత్యము నాడు నెలకు 19,800 నైరాలు. అందులోనే సుద్దముక్కలు కొనెను. 2019 ఫిబ్రవరి ఎన్నికలలో ఆ దళమువారినే పోలింగు కేంద్రములలో నియమించిరి. ఇతడును ఓట్లపెట్టెకు కాపున్నవారిలో ఒకడు. సంవత్సరాంతమున పల్లెపెద్ద అతనికొక గొఱ్ఱెపిల్లను బహూకరించెను. దానిని బస్సులో ఎట్లు తీసికొనిపోదునని అతడు దిగులుపడగా, పిల్లలు మేము పెంచెదము, నీవు మరల రమ్మనిరట. ఏ తల్లి అన్నము మానినదో ఆ తల్లియే ఆ పల్లెవారికి చేపలు ఎండబెట్టి పంపెను. సోదరులారా, యాకుబు గోవన్ ప్రకటన చేయలేని పని ఆ గొఱ్ఱెపిల్లయు, ఆ ఎండుచేపలును చేసినవి. సేవాసంవత్సరము వ్యర్థమని చెప్పువారితో నేనేకీభవింపను. అది ఎందుకు పుట్టెనో ఆ పనిని ఈ ఒక్కని విషయమున నెరవేర్చినది.

ఇక మరునాడు. పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఇతనిని నిలుపుకొనగోరి పైవారికి వ్రాసెను. లెక్కల పంతులు ఉద్యోగము లేదని జవాబు వచ్చెను. పిల్లలు లేరా? ఉన్నారు. లెక్కలు అక్కరలేదా? అక్కరయే. పంతులు లేడా? ఎదుటనే యున్నాడు. లేనిది ఉద్యోగము మాత్రమే! ఎట్లనిన, తరువాతి దళమునుండి మరియొక ఖాకీ యువకుడు వచ్చును. అతనికి రాష్ట్రపు ఖజానానుండి పూర్తిజీతమీయ నక్కరలేదు. సంవత్సరము గాగానే అతడును పోవును, వేరొకడు వచ్చును. ఇట్లు ఏటేట క్రొత్తవాడు దొరకుచుండగా శాశ్వతోపాధ్యాయుని నియమించువా రెవరు? సేవకుని సేవయే సేవకుని ఉద్యోగమునకు అడ్డుగోడ యగుచున్నది. ఇది ఎవరును కోరి కట్టిన గోడ కాదు; కాని కట్టబడినది.

అతడు ఎనుగునకు తిరిగిపోయెను. మొదటి వారము బంధువులు వచ్చి ఉత్తరదేశపు విశేషములడిగిరి. రెండవ వారము, “ఇక నేమి చేయుదువు?” అని యడిగిరి. మూడవ వారమునుండి అడుగుట మానిరి. అడుగకపోవుటయే ఎక్కువ బాధించెననెను. ప్రకటనలలో వయస్సు ఇరువదియారు దాటరాదందురు, అనుభవము అయిదేండ్లుండవలెనందురు. సేవాసంవత్సరము అనుభవముగా లెక్కకు రాదు. కాని ఆ పత్రము లేనిదే దరఖాస్తు ముట్టరు. నిరుద్యోగ పట్టభద్రులకు నెలకు 30,000 నైరాలు ఇచ్చుటకు 2016 లో ఒక పథకమును ప్రభుత్వము తెరచియుండెను. అదియు పరిమితకాలపుదే. ఇతడు దరఖాస్తు పెట్టెను, ఎంపిక కాలేదు. ఎంపికయైనవారి గతియు తుదకు మెరుగు కాలేదు. 2023 లో ఆ పథకము నిలిచిపోయినది. ఇంటింట పాఠములు చెప్పి, తరువాత పినతండ్రులు కూర్చిన ధనముతో అతడు మన హైదరాబాదు చేరెను. అతని తోడివారు పెక్కురు ఇంగ్లండునకో, కెనడాకో పోయిరి. యొరుబాభాషలో పారిపోవుటను “జాపా” యందురట. నేడా దేశపు యువకులందరి నోట నానుచున్న మాట అది.

ఇట్లేల యయ్యెను? 1973 లో మొదటి దళమున చేరినవారు 2,364 మంది. నాడా దేశమున విశ్వవిద్యాలయములు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. భూమినుండి చమురుధనము పొంగుచుండెను. పట్టభద్రునికొరకు ఉద్యోగము ఎదురుచూచెడిది. సేవాసంవత్సరము నాడు వాకిలివంటిది. దాటినచో గది ఉండెను. నేడు ఏటేట దళమున చేరువారు మూడులక్షలు దాటుచున్నారు. 1986 లో ఋణదాతల షరతులననుసరించి ఆర్థికవ్యవస్థను సవరించునపుడు ప్రభుత్వము నియామకములను కుదించెను. వాకిలి అట్లే యున్నది. లోపలి గది కూలినది. 2024 లో కనీసవేతనము 70,000 నైరాలు చేసినపిదప సేవకుల భత్యమును 77,000 చేసి 2025 మార్చినుండి ఇచ్చిరి. మంచిదే. కాని అది సేవాకాలపు భత్యము. మరునాటికి దానియందు పైసయు లేదు.

గణాంకములను నమ్ముకొని ఊరడిల్లుదమనుకొన్నచో అదియు సాగదు. 2020 చివరి మూడునెలలకు ఆ దేశపు నిరుద్యోగము నూటికి 33.3 అని ప్రభుత్వ గణాంకశాఖయే ప్రకటించెను. 2023 లో లెక్కించు పద్ధతి మార్చిరి. పూర్వము వారమునకు ఇరువది గంటలైనను పనిలేనివానిని నిరుద్యోగి యనెడివారు. ఇప్పుడు వారములో ఒక్కగంట కూలికి పనిచేసినను ఉద్యోగియే. నిరుద్యోగము నూటికి అయిదునకు దిగివచ్చినది! అంతర్జాతీయముగా వాడుకలో నున్న పద్ధతియే యది. అందు మోసమున్నదని నేననను. కాని నా మిత్రుడు వారమునకు ఆరుగంటలు పాఠములు చెప్పి, బస్సుఖర్చు పోగా మిగిలినదానితో ఒకపూట తినిన దినములలో ఆ లెక్కప్రకారము ఉద్యోగియే. పట్టికలో అతనికి స్థానము దొరకినది, భూమిపై దొరకలేదు.

ఇప్పుడు న్యాయవాదిగా అతని ప్రశ్నకు జవాబు చెప్పెదను. మన 1872 నాటి ఒడంబడికల చట్టము మొదలు పాఠమేమి? ప్రతిఫలము లేని ఒడంబడిక సామాన్యముగా చెల్లదు. ఇరుపక్షముల వారును ఏదో ఒకటి ఇచ్చి ఏదో ఒకటి పుచ్చుకొనవలెను. నైజీరియా శాసనమును ఈ కంటితో చదువుడు. యువకుడు సేవకు రానిచో శిక్ష కలదు. పత్రమును అడిగి చూడవలెనని ఉద్యోగమిచ్చువారికి విధి కలదు. ఆ పత్రపు బలమెంతటిదనగా, 2018 లో ఆ దేశపు ఆర్థికమంత్రి తన సేవామినహాయింపు పత్రము నిజమైనది కాదని తేలగా పదవిని విడువవలసి వచ్చెను. ఆమెకు ఆ సేవ విధిగానే లేదని 2021 లో న్యాయస్థానము చెప్పుట వేరు సంగతి. మంత్రినైన కదల్పగల ఆ కాగితము తన్ను సంపాదించిన యువకునికి ఒక్క దినపు కూడు పెట్టజాలదు. అతనికి సర్కారు చేయవలసినదేమో శాసనములో ఒక్క పంక్తియైన గట్టిగా లేదు. శాసనము న్యాయస్థానమున చెల్లును, నేను కాదనను. కాని న్యాయము రెండు చేతులతో ఒడంబడికను పట్టుకొనును. ఇది ఒంటిచేతి ఒడంబడిక.

అందరకును ఉద్యోగమిమ్మని నేనడుగుట లేదు. మూడులక్షల ఉద్యోగములు ఏటేట పుట్టింపగల సర్కారు ఎక్కడను లేదు. నేనడుగునది వేరు. ఏ పాఠశాలకు వరుసగా మూడేండ్లు సేవకుని పంపవలసివచ్చెనో, అక్కడ అవసరము నిజమని ఋజువైనట్లే. నాలుగవ యేట అక్కడ శాశ్వతోద్యోగము ఏర్పరచి, సేవచేసినవారిలోనుండి ఒకనిని నియమింపవలెను. సేవాసంవత్సరమును అనుభవముగా లెక్కింపవలెను. సేవ ముగియుటకు మూడునెలలు ముందే తరువాతి దారి వెదకుకొనుటకు సెలవును, సలహాయు ఈయవలెను. ఆ దళమువారు 2012 నుండి చేతిపనులు నేర్పుచున్నారు. శిబిరములో కొలదిదినములు నేర్పినంతమాత్రమున వృత్తి నిలువదు. నేర్చినవానికి పనిముట్లును, కొంత మూలధనమును కావలెను.

ఇట్టి మరునాడు మన తెలుగునాటను ఒకప్పుడు వచ్చినది. 1920 లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణము సక్రమముగా సాగినచో ఒక్క సంవత్సరములో స్వరాజ్యమనెను. ఆ మాట విని మన విద్యార్థులు కళాశాలలను, ప్లీడర్లు కోర్టులను విడిచిరి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము కోటిరూపాయల నిధి, కోటిమంది సభ్యులు, ఇరువదిలక్షల రాట్నములు అని పనిని అంకెలతో నిర్ణయించెను. సంవత్సరము గడచెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన పిదప ఉద్యమము నిలిచెను. కళాశాల విడిచిన బాలుని తండ్రి నాడు ఏమడిగి యుండునో మీరూహింపగలరు. కొందరు మరల చదువులకు, కొందరు కోర్టులకు పోయిరి. వారిని నేను నిందింపను. నిలిచినవారు ఎట్లు నిలిచిరి? ఖద్దరు భాండారమో, గ్రంథాలయమో, బందరులో 1910 లో స్థాపింపబడిన ఆంధ్ర జాతీయ కళాశాల వంటి విద్యాలయమో, ఏదో ఒక చోటు వారికి దొరకెను. జీతము స్వల్పము, కాని మరునాటి ఉదయమున లేచి పోవుటకు ఒక చోటుండెను.

ఆ చోటు విలువ నాకు స్వానుభవమున తెలియును. 2004 లో న్యాయవాదిగా పేరు నమోదు చేసికొని నల్లకోటు తొడిగితిని. ఆరునెలలు ఒక్క కక్షిదారును నా ముఖము చూడలేదు. ప్రతి ఉదయమును కోర్టు వేపచెట్టు క్రింద నిలిచి, పనియున్నవానివలె గడియారము చూచుకొనెడివాడను. ఒక పెద్ద న్యాయవాది అది గమనించి, తన గదిలో ఒక కుర్చీ చూపి, “ఇక్కడ కూర్చుండుము, నాయనా” అనెను. ఆయన నాకు మొదటి యేడు పైసయు ఈయలేదు. అయినను ఆ కుర్చీయే నన్ను నిలిపినది. ధనము లేనివాడు కొంతకాలము ఓర్చుకొనును. చోటు లేనివాడు ఓర్చుకొనలేడు.

కావున మీలో పెద్దలకొక మాట. సేవనుండి తిరిగివచ్చిన బిడ్డను మొదటి దినముననే “ఏ ఉద్యోగము?” అని యడుగకుడు, మూడవ వారమున అడుగుట మానియు కూర్చుండకుడు. మీ కార్యాలయమునను, అంగడియందును, పాఠశాలయందును ఒక కుర్చీ ఖాళీచేసి చూపుడు.

యువకులకొక మాట. శిబిరము మీకు ఆజ్ఞను పాటించుట నేర్పును. మరునాడు ఆజ్ఞ ఇచ్చువాడుండడు. అప్పుడు తరువాతి కేకకొరకు నిలిచియుండుట నాశనహేతువు. నైజీరియాలో న్యాయశాస్త్రము చదివిన సేవాదళ యువకులు పేదలకు ఉచితముగా న్యాయసహాయము చేయుదురు. వారిలో ఒకడు సేవ ముగిసిన పిదపను ఆ జాబితాలోని నలుగురు పేదల వ్యాజ్యములను వదలక పట్టుకొన్నచో, ఖాకీ విప్పినను పని విప్పబడదు. మీరును సేవాకాలమున ఎవరిని కలిసికొంటిరో, ఎక్కడ ఏమి కొరతయో, మీచేత ఏమైనదో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. విడుదలపత్రము సర్కారు మీకిచ్చునది. ఆ పుస్తకము మీరు మీకిచ్చుకొనునది. ఒంటరిగా నిరీక్షింపక, కలిసి సేవచేసినవారు కలిసియే పని వెదకుడు. ఇది ఉద్యోగమునకు హామీ కాదు. అట్టి హామీ ఈ వేదికనుండి ఇచ్చువానిని నమ్మకుడు.

నా మిత్రుడు చదువు ముగించి గత సంవత్సరము స్వదేశమునకు పోయెను. పోవునప్పుడు నేను, “మరల ఉత్తరమునకు పోవుదువా?” అని యడిగితిని. ముందు ఎనుగులోనే పని వెదకెదననియు, దొరకునో దొరకదో తెలియదనియు చెప్పెను. కొంచెము తడసి, “ఆ గొఱ్ఱె ఇప్పటికి పిల్లలు పెట్టియుండును” అనెను. ఆ పల్లె పిల్లలలో ఒకడు విశ్వవిద్యాలయమున గణితము చదువుచున్నాడని కూడ చెప్పెను. ఆ బాలుడే ఉత్తరము వ్రాసెనట.

సోదరులారా! “మునుపున్నట్లే నిలువుడు” అను ఆజ్ఞను అతడు పాటింపలేడు. మునుపటి వాడు అతడు కాడు. అతడిచ్చిన సంవత్సరము ఆ పల్లెలో నిలిచియున్నది. అతడు నిలుచుటకు చోటు చూపుటయే మిగిలిన పని. అది అతని దేశపు బాకీ. మన సంఘము మన యువకులను రేపు సేవకు పిలుచునప్పుడు, మరునాటికి కుర్చీ ఎక్కడ వేసితిమో ముందుగా చూచుకొని మరి పిలుచునుగాక.